కోరా గుడ్డ వెల

“గంతకు తగ్గ బొంత” అన్న సామెతను ఇవాళ మనం వెక్కిరింతకే వాడుతున్నాము. ఈడూ జోడూ కుదిరిన జంటను చూసి కొంటెగానూ, ఇద్దరు పనికిమాలినవాళ్లు ఒకచోట చేరితే విసుగుతోనూ అనే మాటగా అది మిగిలింది. గంత అంటే ఏమిటని తరగతిలో అడిగితే జవాబు చెప్పే పిల్లలు నాకు అరుదుగానే తగిలారు. బరువు మోసే ఎద్దు వీపు ఒరుసుకుపోకుండా వేసే మెత్త గంత. పాతగుడ్డలు పొరలు పొరలుగా పేర్చి కుట్టినది బొంత. సామెతను విప్పి చూస్తే ఎగతాళి కంటె ముందు కనబడేది పనివాని కొలత.

బొంత తక్కువ మాట కాదు. సంస్కృతంలో దీనిని కంథ అంటారు. వంగదేశపు స్త్రీలు పాత చీరల మీద కుట్టే కాంథా పనికి ఆ పేరు ఇందులోనుంచి వచ్చినదే. భర్తృహరి ధీరుని లక్షణం చెబుతూ, అతడు ఒకప్పుడు కంథ కప్పుకొంటాడు, మరొకప్పుడు దివ్యాంబరం ధరిస్తాడు, రెంటినీ లెక్కచేయడు అంటాడు. ఆ శ్లోకాన్ని తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి కంథ అన్నచోట మరో ఆలోచన లేకుండా బొంత అన్న మాటనే పెట్టాడు. సంస్కృతం నుంచి సమాసం తెచ్చుకోవలసిన అవసరం ఆయనకు కలుగలేదు. ఇంటి మాట పద్యంలో హాయిగా ఒదిగింది.

ఈ టపాలో నేను చెప్పదలచుకొన్నది ఆ బొంతకు అడుగున పరిచే గుడ్డను గురించి. కోరా గుడ్డ. రంగు వేయనిది, చలువ చేయనిది, మగ్గం మీదినుంచి దిగినది దిగినట్టే బజారుకు వచ్చే నూలుగుడ్డ. నూలుబట్టలన్నింటిలోకీ చవకైనది. రజాయికి అస్తరు వేయాలన్నా, బొంతకు అడుగుపొర కావాలన్నా, ఆడపిల్లలు కుట్టుపని నేర్చుకోవాలన్నా, దర్జీ ఖరీదైన బట్ట కోసేముందు కొలత సరిచూసుకోవాలన్నా అందరి చేయీ పోయేది దానిమీదికే. ఇంత పనికివచ్చే వస్తువు ఇంత చవకగా ఎలా దొరికింది? ఆ చవకదనానికి వెల ఎవరు చెల్లించారు? నన్ను చాలాకాలంగా పట్టుకొన్న ప్రశ్న ఇది.

మొదట మాటల సంగతి. కోరా హిందుస్తానీ నుంచి వచ్చింది. నీరు సోకనిది, ఇంకా వాడుకలోకి రానిది అని దాని అర్థం. అక్కడ కొత్తకుండా కోరాయే, రాయని కాగితమూ కోరాయే. తెలుగులో దీనికి ఎదురుగా నిలిచే మాట చలువ. ఉడకబెట్టి, ఉతికి, ఎండలో పరిచి తెలుపు తెచ్చిన బట్ట చలువబట్ట. నేతలో మోటుగా ఉంటే ముతక అంటాము. దానినే కొన్నిచోట్ల గాడా అంటారు. మచిలీపట్నం, కాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ రసంలోనూ బర్రెపాలలోనూ తడిపి రంగుకు సిద్ధం చేసేది ఈ గాడానే. పైన వికసించిన పూలను చూసి మెచ్చుకొనేవారిలో ఆ పువ్వు నిలిచిన గుడ్డ పేరు అడిగేవారు తక్కువ.

పడమటి దేశాలవారు దీనికి పెట్టుకొన్న పేర్లు రెండు. ఇంగ్లండులో కాలికో అంటారు. అది మన కోళిక్కోడు రేవు పేరు. అమెరికాలో బొంతలు కుట్టేవారు ఇదే గుడ్డను మస్లిన్ అంటారు. ఇంగ్లండులో మస్లిన్ అంటే పలుచని, సన్నని బట్ట. ఒకే భాష మాట్లాడే రెండు దేశాలలో ఒకే పేరు రెండు వేర్వేరు గుడ్డలకు అంటుకొంది. మస్లిన్ మాటను మన మచిలీపట్నంతో ముడిపెట్టి మురిసిపోయేవారున్నారు. నాకూ అది నిజమైతే బాగుండుననే ఉంటుంది. కాని నిఘంటుకారులు దానిని ఇరాకులోని మోసుల్ నగరంతోనే ముడిపెడుతున్నారు.

ఇక చరిత్రకు వద్దాము. బట్టలను గురించి రాసినవారందరూ సన్నబట్టనే పొగిడారు. 13వ శతాబ్ది చివర కాకతీయుల రేవు మోటుపల్లిని గురించి రాసిన మార్కోపోలో అక్కడి బట్టల సన్నదనాన్ని సాలెగూడుతో పోల్చాడు. ఢాకా మల్లును గురించి ఉంగరంలోనుంచి దూరిపోతుందన్న కథ వినని తెలుగువారుండరు. ముతకగుడ్డను ఎవరూ పొగడలేదు. అయితే ఓడలు నింపినది మాత్రం అదే. ఈజిప్టులో కైరో దగ్గరి ఫుస్తాత్ దిబ్బల్లో మధ్యయుగాల నాటి భారతీయ నూలుగుడ్డల పేలికలు వందలకొద్దీ బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం గుజరాతునుంచి వెళ్లిన సాదా అచ్చుబట్టలు. సుల్తానుల అంతఃపురాలకోసం నేసినవి కావు. మామూలు జనం తొడుక్కొని, చిరిగితే మాసికలు వేసుకొని, చివరికి పారవేసినవి. అంటే చవక నూలుగుడ్డకు ప్రపంచమంతటా బజారు ఏర్పడి కనీసం ఎనిమిది వందల ఏళ్లు దాటింది.

దాని చవకదనం వెనుక మొదటి చేయి వడికే స్త్రీది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సూత్రాధ్యక్షుడని ఒక అధికారి ఉన్నాడు. విధవలూ, అంగవైకల్యం గల స్త్రీలూ, వృద్ధులైన దాసీలూ వంటివారిచేత నూలు వడికించాలని అందులో విధి. ఎవరికి ఇంకొక ఆధారం లేదో వారి చేతికి కదురు ఇచ్చారన్నమాట. ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే దాని వెనుక పలువురు వడకాలి. నేతగానికైనా కులం పేరు, వీథి పేరు మిగిలాయి. వడికిన చేతికి ఏ పేరూ మిగలలేదు. ఆమె రోజుకు విలువ కట్టనవసరం లేదనుకొన్నందువల్లనే గుడ్డ చవక అయింది.

17వ శతాబ్ది మొదట్లో డచ్చివారూ, వారి వెనుక 1611లో ఇంగ్లీషువారూ మచిలీపట్నంలో దిగారు. వారికి కావలసినది కేవలం కలంకారీ వస్త్రం కాదు. మిరియాలూ లవంగాలూ పండే దీవుల్లో వెండి కంటె కోరమండల తీరపు బట్టకే గిరాకీ. అందుకని ఇక్కడ బట్ట కొని, అక్కడ సుగంధద్రవ్యాలకు మార్చుకొనేవారు. తరువాత ఇదే బట్టలో ఒక ముతకరకం గినీ గుడ్డ అన్న పేరుతో పడమటి ఆఫ్రికాకు పోయింది. గినీ మన ఊరి పేరు కాదు, ఆ తీరం పేరు. అక్కడ ఆ గుడ్డను ఇచ్చి మనుషులను కొన్నారు. ఓడ అడుగున గొలుసులతో కట్టి అట్లాంటిక్ దాటించిన బానిసలకు కట్టిన వెలలో మన తీరంలో నేసిన తానులు కూడా ఉన్నాయన్నది తలచుకొంటే మనసు కలుక్కుమంటుంది. నేసినవానికి ఆ సంగతి తెలియదు. అతనికి తెలిసినదల్లా దళారి ఇచ్చిన బయానా, తీర్చవలసిన గడువు.

ఇంగ్లండు చట్టాలు చేసినప్పుడు కూడా కోరా గుడ్డ కథ వేరుగానే నడిచింది. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల అలజడి వల్ల 1700లో చేసిన చట్టం రంగు అద్దిన, అచ్చువేసిన ఆసియా నూలుబట్టల దిగుమతిని ఆపింది. సాదాబట్టను ఆపలేదు. తెల్లతానులు ఇక్కడినుంచి పోయాయి. అచ్చు అక్కడ వేయసాగారు. 1721లో మరొక చట్టం వచ్చి చాలా రకాల అచ్చు నూలుబట్టలు కట్టుకోవడాన్నే నిషేధించేనాటికి అద్దకం పని అక్కడ వేరూనింది. పువ్వులు వేసే పని, అంటే లాభం ఎక్కువగా మిగిలే పని, వారి చేతికి పోయింది. గుడ్డ మాత్రం మనదిగా ఉంది. అది కూడా ఎంతోకాలం ఉండలేదు. యంత్రం వడికిన నూలు వచ్చి, 1813లో కంపెనీ వ్యాపార గుత్తాధికారం పోయాక, 19వ శతాబ్దిలో మాంచెస్టరు తాను మన అంగళ్లలోకి దిగింది. ఆ తాను ఇంకా చవక. ఎందుకంటే ఆ పత్తి అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బానిసలు ఏరిన పత్తి. ఒకనాడు మన గుడ్డతో కొన్న మనుషుల సంతతివారు ఏరిన పత్తి గుడ్డగా మారి మన మగ్గాన్ని ఆపింది. చరిత్రలో ఇంత క్రూరమైన చుట్టు మరొకటి నాకు తెలియదు.

మన హైదరాబాదు సంస్థానానికీ ఇందులో పాత్ర ఉంది. మంచి పత్తినేల అయిన బేరారును 1853లో నిజాము కంపెనీవారి పాలనకు అప్పగించవలసివచ్చింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం సాగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు లాంకషైరు మిల్లుల చూపు ఇటు మళ్లింది. పత్తి ధర ఆకాశానికెక్కి, యుద్ధం ముగియగానే నేలకు దిగింది. ధరను నమ్మి అప్పుచేసిన రైతు ఏమవుతాడో ఆనాడే తెలిసింది. ఆ పాఠం ఇప్పటికీ మనం చదువుతూనే ఉన్నాము.

మా ఇందూరు, అంటే నిజామాబాదు, గోదావరి లోయ రైలుమార్గం మీది ఊరు. ఆ దారినే ఉత్తరంగా పోతే నాందేడు. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడేదాకా ఈ రెండూ ఒకే సంస్థానపు పట్టణాలు. నాందేడు చుట్టూ గావరానీ అనే దేశవాళీ పత్తి పండేది. నాందేడులో ఉస్మాన్‌షాహీ మిల్లు, 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వెలిశాయి. మిల్లు తాను మన పల్లె అంగడికి చేరింది. ఆ రెండు మిల్లులూ ఇప్పుడు లేవు. నాందేడులో మాత్రం మరొక గౌరవం నిలిచింది. జాతీయపతాకకు కావలసిన ఖాదీని నేసే కొద్ది కేంద్రాలలో అక్కడి మరాఠ్వాడా ఖాదీ గ్రామోద్యోగ సమితి ఒకటి.

మా దక్షిణపు దిక్కు కథ వేరు. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగరు 1931లో పూర్తయింది. ఆ నీటివల్ల బోధన్ చుట్టుపట్ల చెరకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగి శక్కర్‌నగర్ అనే ఊరే పుట్టింది. అదే 1937లో, అక్టోబరు నెలలో, వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యాసభ జరిగింది. చేతిపనితోనే చదువు సాగాలని, వడకడం బడిలో పాఠం కావాలని అక్కడ చర్చించారు. ఒకచోట పెద్ద గానుగ, ఇంకొకచోట చిన్న తకిలీ. ఈ రెంటిలో ఏది గెలిచిందో చెప్పనక్కరలేదు. అయినా తకిలీ పూర్తిగా పోలేదు. నేను పనిచేసిన బడుల్లో చేతిపనుల పీరియడు చాలాకాలం బ్రతికి ఉంది. ఆడపిల్లలు జానెడు కోరా గుడ్డ తెచ్చుకొని దానిమీద కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు వరుసగా వేసి ఉపాధ్యాయినికి చూపేవారు. తప్పుపోతే విప్పి మళ్లీ కుట్టవచ్చు. గుడ్డ పాడైతే తల్లి కోప్పడదు. కోరా గుడ్డ చేసిన మేలులో ఇది ఒకటి: తప్పు చేయడానికి భయపడనక్కరలేని వస్తువు అది.

నిజాంసాగరు నీరూ చక్కెరమిల్లూ కలిసి బోధన్‌ను నాలుగు భాషల కూడలి చేశాయి. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఎటూ ఉన్నవే. కన్నడసీమ దూరం కాదు. కోస్తా జిల్లాలనుంచి వచ్చిన రైతులు క్యాంపులుగా స్థిరపడ్డారు. తండాల్లో లంబాడీలు. వీరందరి ఇళ్లలోనూ ఒకే వస్తువు, పేర్లు మాత్రం వేరు. మనకు బొంత, మరాఠీవారికి గోధడి, ఉర్దూ మాట్లాడేవారికి గుదడీ, కన్నడిగులకు కౌది. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి, దీనినే కవంది అంటారు. హిందీవారు పేదయింట పుట్టిన గుణవంతుని గుదడీలో మాణిక్యమంటారు. మనం గంతకు తగ్గ బొంత అన్నాము. ఈ విషయంలో వారి సామెతే ఒక మెట్టు పైన ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

గంత అన్న మాటకు లంబాడీలతోనూ సంబంధముంది. రైలు రాకముందు దక్కనులో ధాన్యమూ ఉప్పూ మోసినవి వారి ఎద్దుల మందలే. 17వ శతాబ్దిలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పదివేల ఎద్దులతో సాగే వారి బిడారులను వర్ణించాడు. ఆ ఎద్దులకు వేసే కప్పడాలూ, సంచులూ అన్నీ పొరలు కలిపి కుట్టిన నూలుపనే. ఎద్దుల బిడారులను రైలు తినేసింది. కుట్టు మాత్రం స్త్రీల చేతిలో మిగిలింది. ఇవాళ అద్దాలు పొదిగిన లంబాడీ పనిని మెచ్చుకొంటున్నామంటే అది ఆనాటి దారిబత్తెపు సంచికి దూరపు చుట్టమే.

బొంత కుట్టే పద్ధతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు, తెలియనివారికోసం రాస్తాను. ముందు కోరా గుడ్డను నానబెట్టి ఉతకాలి. మగ్గం మీద పడుగుకు పట్టించిన గంజి, పత్తిలో సహజంగా ఉండే మైనం పోనిదే అది నీరు పీల్చదు, మెత్తబడదు. మొదటి ఉతుకులో గజానికి అంగుళమో రెండంగుళాలో ముడుచుకొంటుంది. ఉతకకుండా కుట్టితే ఆ ముడుచుకొనేదేదో బొంతలో ఉండగా ముడుచుకొని, పైపొర గుబ్బలు తేలుతుంది. ఉతికి ఆరిన గుడ్డను నేలమీద పరిచి, దానిమీద పాత చీరలూ ధోవతులూ మడతపెట్టి పేరుస్తారు. ఆరుగజాల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. అంటే ఒక చీర మూడు పొరలు. రెండు చీరలతో నడితరహా బొంత, మూడింటితో చలికాలపు బొంత. పైన రంగుపేలికలు అతికి, అంచు మడిచి, ఒక చివరనుంచి వరుసకుట్టు మొదలుపెడతారు.

ఒకసారి లెక్క కట్టి చూశాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బొంత. అంగుళానికొక వరుస అంటే 48 వరుసలు. అంగుళానికి మూడు కుట్లు వేస్తే వరుసకు 216. మొత్తం 10,368 కుట్లు. ఇది అన్ని పొరలలోనుంచీ సూదిని దించి లాగిన లెక్క. ఎండాకాలం మధ్యాహ్నాలలో, ఇంటిపని, పొలంపని ముగిశాక, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నాలుగు మూలలా కూర్చుని వేసే కుట్లు ఇవి. ఈ పనికి ఎవరూ కూలి అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. మా మేనత్త కుట్టిన బొంత మా ఇంట్లో ముప్పై ఏళ్లు నడిచింది. దానిలో పైపొర రెండుమార్లు మారింది. అడుగున కోరా మాత్రం మారలేదు.

పేదరికం ఎక్కడున్నా చేతులు ఒకే విధంగా పనిచేస్తాయి. అమెరికాలో 1930ల ఆర్థికమాంద్యం నాడు పిండి, చక్కెర, పశువుల దాణా నూలుసంచుల్లో వచ్చేవి. గ్రామీణ స్త్రీలు ఆ సంచులు విప్పి, ఉతికి, అక్షరాలు పోగొట్టి, గౌన్లూ బొంతలూ కుట్టుకొన్నారు. అది గమనించి వర్తకులు సంచుల మీద పువ్వులు అచ్చువేయించసాగారు. మా బోధన్ చక్కెర గోనెసంచిలో పోయింది. గోనె ఒంటికి కుదరదు. మహా అయితే బొంత కింద నేలచెమ్మకు అడ్డంగా పరుచుకోవచ్చు. చక్కెర తయారయ్యే ఊళ్లో చక్కెర సంచి నుంచి కూలివానికి దక్కినది ఆ పాటి మేలు. చెరకు నరికే కాలంలో తాటాకు పాకలు వేసుకొని బతికే కుటుంబాల సామానులో నాకు ప్రతిచోటా కనిపించినవి మూడే: ఒక కుండ, ఒక కొడవలి, ఒక బొంత.

అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే నల్లవారి పల్లె ఉంది. పత్తితోటల్లో బానిసలుగా పనిచేసినవారి వంశీయులు వారు. అరిగిపోయిన పనిబట్టలతో అక్కడి స్త్రీలు కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్, న్యూయార్కు నగరాల చిత్రశాలల్లో గోడలకు వేలాడదీశారు. గొప్ప చిత్రకారుల పనికి సమానమని విమర్శకులు మెచ్చుకొన్నారు. మెచ్చుకోవలసినదే. నా దృష్టికి ఇంకొక సంగతి కూడా తట్టింది. గినీ గుడ్డతో మొదలైన ఆ చుట్టులో, ఎవరి శ్రమను లెక్కకట్టకుండా వదిలేశారో వారే చివరకు మిగిలిన పేలికను చేతిలోకి తీసుకొని దానికి విలువ కట్టారు. చవకగుడ్డను చవకగా చూడనిది బొంత కుట్టిన స్త్రీ ఒక్కతే. రాజు సన్నబట్ట కట్టి విడిచాడు. వర్తకుడు తానుగా కొని తానుగా అమ్మాడు. ఆమె మాత్రం చివరి నూలుపోగు దాకా వాడుకొంది.

బొంతకు కాలం చెల్లించినది ధనికుల తిరస్కారం కాదు, పాలియెస్టరు. నూలుచీర పాతబడేకొద్దీ మెత్తబడుతుంది, చెమట పీలుస్తుంది, మడత నిలుస్తుంది. పాలియెస్టరు చీర పాతబడితే జారుతుంది, ఉక్కపోస్తుంది. పొరగా పేర్చితే సూది కింద కదిలిపోతుంది. ఇంట్లో పాత నూలుచీర లేనప్పుడు బొంత ఎక్కడిది? మా పొరుగున ఉన్న సిరిసిల్ల మరమగ్గాలలో అధికభాగం పాలియెస్టరు వైపే తిరిగాయి. ఆ మగ్గాల మధ్య ఎందరు నేతన్నలు అప్పులకు ప్రాణాలు తీసుకొన్నారో వార్తలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. 2021 డిసెంబరులో పతాక నియమావళిని సవరించి జెండాకు కూడా పాలియెస్టరును, మరమగ్గపు నేతను అనుమతించారు. నాందేడు ఖాదీకి ఉన్న ఏకైక హక్కు కూడా ఆనాటితో సడలింది. ఇటు బోధన్‌లో 2015 డిసెంబరులో చక్కెర గానుగ ఆగింది. పెద్ద గానుగా, చిన్న తకిలీ చివరకు ఒకే గతికి వచ్చాయి.

ఇప్పుడు నగరాల్లో చేతికుట్టు బొంతలకు మళ్లీ ఆదరణ వచ్చింది. సంచులూ, దిండు గలీబులూ, గోడకు వేలాడే అల్లికలూ చేసేవారు మళ్లీ కోరా గుడ్డ కోసం తిరుగుతున్నారు. సంతోషమే. కొనేటప్పుడు ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. పాలియెస్టరు కలిసి ఉంటే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. గుడ్డను వెలుతురుకు ఎత్తి నేత దగ్గరగా ఉందో లేదో చూడండి. అక్కడక్కడ నల్లని పత్తిగింజ పొట్టు చుక్కలు కనిపిస్తే వంక పెట్టవద్దు, అది చలువ చేయని గుడ్డకు గుర్తు.

బేరం ఆడేముందు మరొక సంగతి. కోరా గుడ్డకు పేరుపడ్డ మరమగ్గాల ఊళ్లలో భివండీ ఒకటి. బ్రతుకుతెరువు లేక మన కరీంనగరు, నిజామాబాదు, వరంగల్లు, నల్లగొండ పల్లెలనుంచి భివండీకీ, షోలాపూరుకూ, సూరతుకూ తరలిపోయిన పద్మశాలీలు వేలకు వేలు. మీరు గజానికి రెండు రూపాయలు తగ్గించమని అడిగే ఆ తాను మన ఊరినుంచి పోయిన చేయి నేసినదే కావచ్చు. గోదావరికి ఆవల ఆదిలాబాదు నేలలో పత్తి పండించినవాని సంగతి ఎటూ మనకు తెలిసినదే. చవక అనేది గుడ్డకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఎవరో ఒకరు తమ రోజును తక్కువకు అమ్ముకొంటే వచ్చినది. అందుకని కొనవద్దని నా మాట కాదు. కొన్న గుడ్డను మా మేనత్తలా ముప్పై ఏళ్లు నడపండి. చేతికుట్టు బొంత కొనదలిస్తే ఆ పదివేల కుట్లనూ మనసులో ఒకసారి లెక్కపెట్టుకొని ఆపైన ధర మాట్లాడండి.

మిత్రులకు ఒక విన్నపం. కోరా, గాడా, ముతక అన్నవి నాకు తెలిసిన పేర్లు. మీ ప్రాంతాలలో ఈ గుడ్డను ఏమనేవారు? బొంతకుట్టులోని వరుసలకూ, మూలమడతకూ, అడుగుపొరకూ మీ ఇళ్లలోని పెద్దవాళ్లు వాడిన మాటలేవి? అడిగి తెలుసుకొని రాయండి. అవి పెద్ద నిఘంటువులకెక్కని మాటలు. చెప్పగలిగినవారిలో చాలామంది ఎనభై దాటినవారు.